కొర్రమీనుకు ఏ దారం

ఆగస్టు 24, ఆదివారం

శ్రావణం నిన్నటితో అయిపోయింది. మామ ముఖం కూడా కడగకముందే అడిగినాడు - "ఏమ్మా, ఈ పొద్దన్నా కొర్రమీను కూర వండుతారా లేదా?"

వండేదానికి చేప చేతికి రావాల కదా.

నేను పుట్టింట్లో ఉన్నప్పుడు జరిగింది ఇది. ఆడబిడ్డ మొగుడు శింగనమల చెరువులో పట్టిన కొర్రమీనును బకెట్లో వేసుకొని, ప్రాణంతోనే తెచ్చిచ్చి పోయినాడు. శ్రావణ మాసం. ఇంట్లో నీసు ముట్టరు. పారేయడానికి అత్తకు మనసు రాలేదు. చంపడానికీ రాలేదు. తీసుకుపోయి కుంటలో వదిలింది. నెల పోనీ, అప్పుడు తీసుకుందాం, యాడికి పోతాదిలే అనుకొనిందంట.

ఆ కుంటలోనే నా చేపపిల్లలు ఉండాయి. కట్ల, రోహు. అప్పటికి నా చిటికెన వేలంత కూడా లేవు.

ఈ పొద్దు మా ఆయన, మామ నడుముకు తాళ్లు కట్టుకొని గంపలతో కుంటలోకి దిగినారు. అడుగున పరిచిన ప్లాస్టిక్ పట్ట మీద కాళ్లు జారతాయి, నిలబడేదే కష్టం. ఆ కొర్రమీను ఒకసారి ఆయన కాళ్ల సందులో నుంచే పోయింది. మామ పడీ పడీ నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం పప్పే.

ఆగస్టు 25

పొద్దున తవుడులో చెనిక్కాయ చెక్క కలిపి చల్లినాను. జూలైలో అయితే నా అడుగుల చప్పుడుకే నీళ్ల మీద చినుకులు పడినట్టు నోళ్లు లేచేవి. ఈ పొద్దు ఒక మూలన కొంచెం కదిలింది. మిగతా తవుడంతా అట్లే తేలుతా ఉండిపోయింది.

అత్తకు చెప్పినాను.

"ఒక్క చాప ఎంత తింటాదిలేమ్మే. దానికీ ఒక కడుపే కదా."

కడుపే. నా భయం కూడా దాని గురించే.

ఆగస్టు 27

వినాయక చవితి. ఈ పొద్దు గాలం, గంప ఏవీ ముట్టకూడదనింది అత్త. ముట్టలేదు. కొర్రమీను మాత్రం పండగ చేసుకునుంటాది.

ఆగస్టు 29

వల వేసేవాళ్లను పిలుచుకొస్తా అన్నాడు ఆయన. మామ ఒప్పుకోలేదు.

"వలకు సీసం గుండ్లుంటాయి. అవి ఈడ్చుకుంటా పోయి పట్టకు బొక్క పెడితే? ఉండే నీళ్లన్నీ భూమి తాగేస్తాది. చీనీ చెట్లకు నీ నోట్లోంచి పోస్తావా?"

మామ మాట నిజం. బోరు కాసేపు పోస్తాది, నిలిచిపోతాది. ఆ కాసిన్ని నీళ్లు పోగు చేసి పెట్టుకొనేదానికే ఈ కుంట. అడుగున నల్ల పట్ట పరిచినందుకే నిలుస్తాండాయి, లేదంటే మా నేల ఒక రాత్రి కూడా ఉంచదు. ఆ పట్ట చినిగితే చీనీకాయల చెట్లు పోతాయి. చెట్లు పోతే మేము బెంగళూరికి పోవాల, కూలికి.

అయితే గాలమే. అది కూడా గుండు లేకుండా. అడుక్కి పోకుండా నీళ్ల పైనే ఆడే గాలం.

మా ఇంట్లో ఎవరికీ గాలం తెలీదు. ఈ ఊళ్లో గాలం వేసేటన్ని నీళ్లు ఎప్పుడుండాయి గనక.

ఆగస్టు 30

ఆయన గోతాలు కుట్టే దారానికి గాలం కట్టినాడు. వానపామును గుచ్చినాడు. "ఏనుగు లాగినా తెగదు చూడు."

ఏనుగు రాలేదు. చేపా రాలేదు. దారం నానిపోయి, లావై, నీళ్ల మీద చచ్చిన పాము మాదిరి పడుకొనింది. మామ గట్టు మీద నుంచి అంటాడు - "అది చాలదురా. బోరులో మోటరు దించే తాడు తెచ్చి కట్టు. చూసి భయపడి చాపే గట్టెక్కుతాది."

ఆయన దారం అక్కడే పడేసి విసవిసా పోయినాడు. చుట్టి ఇంటికి తెచ్చింది నేను.

ఆగస్టు 31

మధ్యాహ్నం అన్నాలు తిని అందరూ పడుకున్నాక కుంట దగ్గరికి పోయినాను. గాలం తీసుకుపోలేదు. ఊరికే కూర్చొని చూడాలని.

అది ఊపిరికి పైకి వస్తాది. నోరు తెరిచి గప్పున గాలి మింగి, మళ్లీ లోపలికి. ప్రతిసారీ కొబ్బరి మట్టల పక్కనే. ఆ మట్టలు వేసింది నేనే - పిల్లలకు ఎండ తగలకుండా నీడ ఉంటాదని. ఆ నీడలో ఇది కాపురం పెట్టింది.

నల్లగా ఉండాది. మోచేతి నుంచి వేళ్ల దాకా ఉంటాది పొడుగు. తల పాము తల మాదిరే.

నన్ను చూసిందో లేదో. నేనైతే బాగా చూసినాను.

సెప్టెంబరు 2

పొదుపు సంఘం మీటింగు. ఎప్పటి మాదిరే వెనకాల, తలుపు పక్కన.

చేపపిల్లలు ఎవరికి కావాలని ఎండాకాలంలో అడిగినప్పుడు ఎవరూ పలకలేదు. "మన సీమలో మనుషులకే నీళ్లు లేవక్కా, చాపలకు యాడ తెస్తాం" అని నవ్వినారు. నేను చెయ్యెత్తినాను. ఎట్ల ఎత్తినానో ఇప్పటికీ తెలీదు. అప్పటి దాకా ఆ మీటింగుల్లో నేను నోరు తెరిచింది టీ వద్దనేదానికే.

ఈ పొద్దు లీడరమ్మ అందరి ముందర అడిగింది. "ఎట్లుండాయి నీ చాపలు?"

"ఉండాయక్కా."

"దసరా అయినాక వచ్చి చూస్తాం. మేత చల్లితే తెలిసిపోతాది కదా. బాగుంటే కుంటలుండే వాళ్లందరికీ ఇప్పిద్దాం. లేదంటే..."

లేదంటే ఏమని చెప్పలేదు. అందరూ నా వైపు తిరిగి చూసినారు. నేను కొంగు చివర పోగులు పీకుతా కూర్చున్నాను.

లేదంటే ఇంకెప్పుడూ చెయ్యెత్తను. నాకు తెలుసు నా సంగతి.

సెప్టెంబరు 3

ఆయన, నేను అనంతపురం పోయినాం, బండి మీద. వలలు, తాళ్లు అమ్మే అంగడి. అంగడి అతన్ని ఖాజా అన్న అంటారు. గోడకంతా దారాల చుట్టలు వేలాడతాండాయి - తెల్లవి, పచ్చవి, నీలివి, వెంట్రుకంత సన్నవి, అగ్గిపుల్లంత లావువి.

"గట్టి దారం ఇయ్యన్నా, చాపలకు" అన్నాడు మా ఆయన.

"ఏం చాపకప్పా?"

"చాపకేనన్నా. చాపల్లో ఏముండాది?"

ఖాజా అన్న నవ్వినాడు. "ఏమప్పా, పెండ్లికీ పొలానికీ ఒకే చీర కట్టుకొని పోతాదా మీ ఇంటామె?"

అక్కడుండే వాళ్లంతా నన్ను చూసినారు. నాకు జవాబు తెలుసు. కొర్రమీనన్నా. పండ్లుంటాయి దానికి. మట్టల్లోకి దూరుతాది. గుండు కట్టకూడదు, కింద పట్ట ఉండాది. అన్నీ వరసగా నోట్లోకి వచ్చినాయి. ఒక్కటీ బయటికి రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడినాను.

మా ఆయన వేలు పెట్టి చూపించిందే ఖాజా అన్న ఇచ్చినాడు. తెల్లది, గాజు మాదిరి అవతలికి కనపడే ప్లాస్టిక్ దారం. సన్నది.

దోవంతా ఆయన వీపు వెనక కూర్చొని ఆ మాటలన్నీ చెప్పుకుంటా వచ్చినాను. గాలికి.

సెప్టెంబరు 5

పట్టుకొనింది!

మట్టల పక్కన గాలం వేసినాను, నేనే. దారం నీళ్లలో కనపడనే లేదు, అది మంచిదే. నిచ్చెనకని పెట్టిన వెదురు కర్ర వంగి చేతిలో నుంచి జారబోయింది. ఎంత బలం దానికి... దారం సాగతాంది, సాగతాంది, రబ్బరు మాదిరి. ఉన్నట్టుండి వదులైపోయింది.

"నకిలీ దారం ఇచ్చినాడు, నా కొడుకు" అని ఆయన ఖాజా అన్నను తిట్టినాడు.

తెగింది కాదు. దారం కొస చూసినాను. చిన్న పిల్లల జుట్టు మాదిరి రింగులు తిరిగి ఉండాది. తెగుంటే అట్ల ఉండదు. ముడి జారింది. నేను కట్టిన ముడి - మల్లెపూలు కట్టేటట్టు రెండు చుట్లు, ఒక బిగింపు. నూలు దారం అయితే ఒకదాన్నొకటి పట్టుకుంటాది. ఈ ప్లాస్టిక్ దారం నున్నగా జారిపోయింది.

గాలం దాని నోట్లోనే పోయింది.

సెప్టెంబరు 6

మంచం కోడుకు దారం కట్టి లాగడం, విప్పడం. మళ్లీ కట్టడం. చుట్లు పెంచి చూసినాను. పొడిగా బిగిస్తే దారం కాలినట్టు తెల్లబడి అక్కడే తెగుతాది. ఎంగిలి పెట్టి తడిపి మెల్లగా బిగిస్తే చుట్లన్నీ పక్కపక్కన సర్దుకొని కూర్చుంటాయి. అప్పుడు కాలు తన్నిపెట్టి లాగినా జారలేదు.

అత్త వచ్చి చూసింది. "ఏమ్మే, మంచానికి తాళి కడతాండావా?"

"లేదత్తా."

"కట్టు కట్టు. నా కొడుకు కన్నా అదే మాట వింటాది."

నవ్వేసినాను. అత్త కూడా నవ్వింది. తర్వాత కుంట వైపు చూసి, ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయింది. నిన్న మొన్నటి నుంచి అట్లే చేస్తాంది.

సెప్టెంబరు 10

మళ్లీ పట్టుకొనింది. మళ్లీ పోయింది.

ముడి జారలేదు ఈసారి. అది సక్కగా కొబ్బరి మట్టల కిందికి లాక్కొని పోయింది. నేను లాగే కొద్దీ దారం సాగతాదే కాని చేప కదలదు. ఆ సాగే లోపల దానికి కావలసినంత టైం. తర్వాత తెగింది. కొసను వేళ్ల మధ్య పెట్టి చూస్తే జొన్నాకు అంచు మాదిరి గరుకు. పండ్లతో రాసింది, మట్టకు రాసింది.

ఇప్పుడు రెండు గాలాలు దాని నోట్లో. పాపం కూడా అనిపించింది. కాసేపే.

సందకాడ ఆయన అన్నాడు - "వదిలెయ్యే. కొర్రమీనుకే రేటు ఎక్కువ. అదే పెరగనీ, అమ్ముకుందాం. నీ కట్ల పిల్లలు పోతే పోయినాయి."

ఎప్పుడూ ఆయన మాటకు నేను ఎదురు చెప్పలేదు. ఈ పొద్దు చెప్పినాను. "అవి నేను చెయ్యెత్తి తీసుకున్నవి."

అంతే అన్నాను. ఆయన అన్నం పెట్టు అన్నాడు.

సెప్టెంబరు 11

సాగకూడదు. జారకూడదు. పండ్లకు తెగకూడదు.

అట్లాంటి దారం ఉంటాదా? ఖాజా అన్న అంగట్లో గోడ మీద అన్ని రంగులు వేలాడతాండె. అడిగుంటే తెలిసేది.

సెప్టెంబరు 14

అత్తకు చెప్పినాను, రేపు అనంతపురం పోతానని. ఒక్కదాన్నే. వద్దంటాది అనుకున్నాను. "పోయిరా" అని తన చెప్పులు ఇచ్చింది, నావి తెగిపోయినాయని.

సెప్టెంబరు 15

బస్సులో కిటికీ వైపు తిరిగి పెదవులు కదిలిస్తా చెప్పుకున్నాను. కొర్రమీనన్నా. పండ్లుంటాయి. పక్కన కూర్చున్న ముసలామె జపం చేస్తాండాననుకొని దండం పెట్టింది.

అంగట్లో మగవాళ్లే. వాళ్ల వెనక నిలబడినాను. ఒకరు పోతే ఇంకొకరు వస్తాండారు, నన్ను దాటుకొని. ఇంకొకడు ముందుకు తోసుకొచ్చినాడు. అప్పుడు నోటి నుంచి వచ్చేసింది, గట్టిగానే. "అన్నా, నేను ముందొచ్చినా."

ఖాజా అన్న తల తిప్పినాడు. "చెప్పమ్మా."

చెప్పినాను. అన్నీ. నా కట్ల పిల్లలు, కొర్రమీను, పండ్లు, కొబ్బరి మట్టలు, కింద నల్ల పట్ట, గుండు కట్టకూడదని, పోయినసారి మీరిచ్చిన దారం సాగిందని.

"సాగిందని ఎవరు చెప్పినారు?"

"మంచానికి కట్టి లాగినానన్నా."

"మంచానికా!" అని నవ్వినాడు. అంగట్లో ఒకడు "మంచం ఎన్ని కిలోలమ్మా?" అన్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయినాయి. అయినా కదల్లేదు.

ఖాజా అన్న ఒక చుట్ట కిందికి దించినాడు. ముదురు పచ్చది. సన్నపోగులు జడ మాదిరి అల్లి ఉండాయి. "ఇది లాగి చూడు." రెండు చేతులకు చుట్టి లాగినాను. వెంట్రుకంత కూడా సాగలేదు. వేలిని కోసింది.

"ఇది నీళ్ల మీద తేలుతాది. అడుక్కి పోదు. నీ పట్ట భయం ఉండదు. చాప పట్టుకోగానే లాగితే ఆ లాగుడు అట్లే దాని దవడకు తగుల్తాది, మట్టల్లోకి పోనీయకుండా తిప్పుకోవచ్చు. ఒకటే చిక్కు - కనపడతాది. మీ నీళ్లు తేటగా ఉండాయా?"

"లేదన్నా, పచ్చగా. పాచి రంగు."

"అయితే పర్వాలేదు. నీళ్లూ పచ్చే, దారమూ పచ్చే." తర్వాత సన్న ఉక్కు తీగ జానెడు తుంచి చూపించినాడు. దారం కొసన ఇది, దీని కొసన గాలం. పండ్లు తగిలేది తీగకే, దారానికి కాదు.

"తీగ ఇంకొంచెం పొడుగు తీసుకోనా అన్నా?"

"వద్దు. పొడుగైతే బరువుకు మునుగుతాది, గాలం పైన ఆడదు. దాని నోరు పట్టేంత చాలు."

ఇదే దారంతో కట్లను కూడా పట్టొచ్చా అని అడిగినాను. నాకే ఆశ్చర్యం, ఇంకా అడుగుతాండానని.

"కట్లకు ఇది పనికిరాదమ్మా. దాని పెదవి మెత్తన. సాగని దారంతో గుంజితే పెదవి చినిగి పోతాది. దానికి ఆ తెల్ల దారమే, నువ్వు తిట్టుకున్నావే, అదే మేలు. అది సాగి, చాపను అలిసిపోనిచ్చి, మెల్లగా తెస్తాది. ఏ దారమూ చెడ్డది కాదు. ఏ నోటికి ఏది అనేదే."

తెల్ల దారం సన్న చుట్ట చేతిలోకి తీసుకొని చూసి మళ్లీ పెట్టేసినాను. "దీనికి మళ్లీ వస్తానన్నా."

"నీ చాపపిల్లలు బతికితే రా."

"బతుకుతాయి."

డబ్బులిచ్చి తిరుగుతాంటే ఇంకో మాట చెప్పినాడు. "ఇంత తిప్పలు లేకుండా కూడా కొర్రమీనును పడతారులేమ్మా. పిల్లలు పెట్టినప్పుడు. పిల్లలు ఎర్రగా గుంపు కట్టి నీళ్ల మీద తిరుగుతాయి, కింద పెద్దది కాపలా ఉంటాది. ఆ గుంపు పక్కన ఏది పడినా కరుస్తాది. ఆకలికి కాదు. పిల్లల కోసం. నేనైతే అట్ల ఎప్పుడూ పట్టలేదు. మనసొప్పదు."

నేను ఊ అన్నాను. బస్సు టైం అయింది.

సెప్టెంబరు 16

కప్ప కావాల. కొర్రమీనుకు కప్ప అంటే ప్రాణమంట. పట్టుకొచ్చినాను ఒకదాన్ని, డబ్బాలో. గుచ్చబోతే అది నా వేలిని రెండు చేతులతో పట్టుకొనింది. వదిలేసినాను.

సెప్టెంబరు 17

మామ పాత రబ్బరు చెప్పు. మడమ దగ్గర కోసి కప్ప మాదిరి చెక్కినాను. తేలుతాది. గాలం మొన పైకి ఉండేటట్టు గుచ్చినాను, పట్టకు తగలకుండా. వెనక కాళ్లకు పాత లంగా పట్టీ.

"నా చెప్పు యాడ?" అని మామ వాకిలంతా వెతుకుతాండాడు.

అత్త పొయ్యి దగ్గర నుంచి - "కుక్క ఎత్తుకొని పోయినట్టుండాది."

నా వైపు చూడలేదు. నవ్వాపుకుంటాంది.

సెప్టెంబరు 19

రబ్బరు కప్పను మట్టల పక్కన వేసి, గుంజి, ఆపి, గుంజి... చెయ్యి నొప్పి. ఏమీ లేదు.

సెప్టెంబరు 20

శనివారం. చెయ్యి నొప్పి ఇంకా తగ్గలేదు, గాలం వేయలేదు. ముడి మాత్రం విప్పి మళ్లీ కట్టినాను.

సెప్టెంబరు 23

లేదు.

సెప్టెంబరు 25

వెనక వచ్చింది. చూసినాను - కప్ప వెనకాల నీళ్లు బాణం మాదిరి చీలినాయి. నేను తొందరపడి గుంజేసినాను. తిరిగిపోయింది.

ఆగాల. దాని నోరు మూసేదాకా ఆగాల.

సెప్టెంబరు 28, ఆదివారం

చేతికి పసుపు పెట్టుకొని రాస్తాండా. అక్షరాలు సరిగా రావడం లేదు.

ఎండ ఎక్కకముందే పోయినాను. కప్పను మట్ట మీదే వేసి, మెల్లగా నీళ్లలోకి జార్చినాను. రెండు గుంజులు. ఆపినాను. నీళ్లు పగిలినాయి. కప్ప లేదు. లోపల ఎవరో గుంజు గుంజు అంటాండారు. గుంజలేదు. దారం తనంతట తనే బిగిసేదాకా ఆగి... అప్పుడు, ఒళ్లంతా పెట్టి.

సాగలేదు దారం. అది తల తిప్పిన ప్రతిసారీ నా భుజానికి తెలిసింది. మట్టల వైపు పోబోయింది, కర్ర పక్కకు వంచి తిప్పినాను. కర్ర విరిగింది. దారాన్ని చేతికి చుట్టుకున్నాను, చుట్టకూడదని తెలుసు, అయినా. అరచెయ్యి కోసుకుపోతాంది.

"వదలొద్దు మ్మే! వదలొద్దు!" అత్త. ఎప్పుడొచ్చిందో. కొంగు చేతికి చుట్టుకొని నా ముందర దారం పట్టుకొనింది. ఇద్దరం వెనక్కి, వెనక్కి, గట్టు దిగి చీనీ చెట్ల దాకా పోయినాం. అది పట్ట మీద జారతా గట్టెక్కి మట్టిలో పడింది.

ఆయన పరిగెత్తుకొచ్చి చూసి, "నా యమ్మా" అన్నాడు. దాన్ని చూసి కాదు. నా చెయ్యి చూసి. తన తువ్వాలు చింపి కట్టినాడు.

మామకు కూర. మూడుసార్లు వేయించుకున్నాడు. చెప్పు సంగతి అప్పుడు చెప్పినాం. "నా చెప్పుతో కొట్టి తెచ్చినట్టే కదమ్మా" అని ఊరంతా చెప్పేదానికి పోయినాడు.

చేపను కోసేటప్పుడు దాని నోరు తెరిచి చూసినాను. నా పాత గాలాలు రెండూ లేవు. దవడలో గాయం కూడా లేదు.

"రాలిపోయుంటాయి" అన్నాడు ఆయన.

ఒకటంటే సరే. రెండూనా?

అత్త కూర తినలేదు. కడుపులో బాగలేదనింది.

సెప్టెంబరు 30

తవుడు ఇంకా తేలుతానే ఉండాది.

అక్టోబరు 1

కుంట దగ్గర అత్త, నేను. చీనీ చెట్లకు నీళ్లు మళ్లించేదానికి పోయినాం. మట్టల దగ్గర - గప్. గాలి మింగిన చప్పుడు.

నేను అత్తను చూసినాను. అత్త పార మీద గడ్డం ఆనించి నిలబడింది.

"మ్మే. ఆ పొద్దు అల్లుడు తెచ్చింది జత."

"ఒకటని చెప్తివి కదత్తా."

"నువ్వు మీ అమ్మగారింటి నుంచి వచ్చీ రాగానే చేతిలో సంచి కూడా దించకుండా కుంట కాడికి పరిగెత్తినావు. చాపను వదిలినానంటే నీ మొగం... ఆ మొగం చూసి ఒకటి తగ్గించి చెప్పినా. తగ్గించి చెప్తే తగ్గుతాదనుకున్నా."

నాకు కోపం రావాల. వచ్చింది కూడా. కాని అత్త తన చెప్పులు నాకిచ్చి పంపిన సంగతి గుర్తొచ్చింది, దారం పట్టుకొని వెనక్కి నడిచిన సంగతి. 

"ఇంకో కర్ర కావాలత్తా. ఆ కర్ర విరిగిపాయ."

"నేను కొట్టుకొస్తా" అనింది.

అక్టోబరు 2

దసరా. లీడరమ్మ ఫోను చేసింది. సోమవారం వస్తారంట.

అక్టోబరు 3

కొత్త కర్ర. తీగకు తుప్పు లేదు. రబ్బరు కప్పకు పండ్ల గాట్లు పడినాయి, అయినా తేలుతాది. దారం మొదట్లో కొంచెం నలిగింటే అంతమేర కోసి పారేసినాను. ముడి కట్టినాను. ఇది ఎంత పెద్దదైనా ఈసారి కర్ర విరగదు, దారం తెగదు, ముడి జారదు. ఇవన్నీ నాకు తెలుసు ఇప్పుడు.

అక్టోబరు 5, ఆదివారం

పొద్దున తవుడు చల్లబోయి చెయ్యి ఆపేసినాను.

మట్టల పక్కన నీళ్ల మీద ఎర్రగా. కుంకుమ ఒలికినట్టు. కదులుతాంది. దగ్గరికి పోయి వంగి చూస్తే - పిల్లలు. ఇన్ని పిల్లలు. అన్నీ కలిసి ఒకటే ప్రాణి మాదిరి పైకి లేచి గాలి తాగి, మళ్లీ లోపలికి, మళ్లీ పైకి. వాటి కింద నల్లగా నీడ. నేను కదిలితే అది కదిలింది, నాకూ పిల్లలకూ మధ్యకు వచ్చింది. పారిపోలేదు. పైకి వచ్చినప్పుడు దవడ పక్కన తళుక్కుమనింది. నా గాలం.

అవతలి మూలన నా కట్ల పిల్లలు కూడా కనపడినాయి. కొన్నే. కాని పెద్దవైనాయి, వేలు దాటినాయి. బతికినవి గడుసువి అయ్యుంటాయి. ఆ మూల వదిలి ఈ పక్కకు రావు.

అత్త వచ్చి పక్కన నిలబడింది. 

"రేపే కదా సంఘం వాళ్లు వచ్చేది."

"ఊ."

"ఈ ఎర్రవన్నీ పెద్దవైతే..."

"తింటాయి. నావన్నీ."

"ఇప్పుడు గాలం వేస్తే పట్టుకుంటాదా?"

"ఏది వేసినా పట్టుకుంటాదంట అత్తా. పిల్లల కోసం."

అత్త కొంగు నోటికి పెట్టుకొనింది. నేను కర్ర పట్టుకొని, ముడి ఎంగిలితో తడిపి, అట్లే నిలబడినాను. కప్ప చేతిలో ఊగతాంది. దీని నోటికి ఏ దారమని ఇన్నాళ్లు తిరిగినాను, మంచానికి కట్టినాను, నలుగురు మగవాళ్ల మధ్య నిలబడి అడిగినాను. ఈ పొద్దు గోతాం కుట్టే దారమైనా చాలు. ఖాజా అన్న మనసొప్పదన్నది దీనికే, గాలం వేయలేకపోయినాను.

ఎండ ఎక్కింది. గుంపు మట్టల కిందికి పోయింది. ఇంటికొచ్చి వంట చేసినాను.

కర్ర గట్టు మీదే ఉండాది. దారం విప్పలేదు. సందకాడ మళ్లీ పైకి వస్తాయి అవి. వేస్తానో, చూసి వస్తానో తెలీదు, పోతాను మాత్రం.

అత్త కూడా వస్తానంటాంది.